తరాలు మారితే తలరాతలు మారతాయా? కుటుంబాల ఎదుగుదల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. అవుతాయి, నిజమే. కానీ ఎన్ని అవుతాయి, ఎన్నేళ్ళకు అవుతాయి అన్నది చాలాకాలం ఎవరూ లెక్కపెట్టలేదు. గత కొన్ని దశాబ్దాల్లో చరిత్రకారులు, ఆర్థికవేత్తలు పాత పన్ను పుస్తకాలు, జనాభా లెక్కలు, యూనివర్సిటీ రిజిస్టర్లు తిరగేసి ఆ పని మొదలుపెట్టారు. వాటిలో తేలిన సంగతుల్ని, ఎక్కువమంది అడిగే ప్రశ్నల వరుసలో ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ఒకటి ముందే చెప్పేస్తాను. కుటుంబం అంటే తండ్రి నుంచి కొడుక్కి గీసిన గీత అనుకున్నంతకాలం ఈ విషయం మనకు తప్పుగానే అర్థమవుతుంది.

కుటుంబం "పైకొచ్చింది" అంటే ఏమిటి అర్థం?

రెండు అర్థాలున్నాయి. వాటిని కలిపేయడం వల్లే సగం వాదనలు పుడతాయి.

మొదటిది, అమ్మానాన్నల కన్నా పిల్లలు బాగా బతకడం. నాన్న సంపాదన కన్నా కూతురి సంపాదన ఎక్కువ, తాత చదవలేదు మనవడు చదివాడు, ఇలాంటివి. దేశమంతా ఎదుగుతుంటే అందరూ ఒకేసారి ఇలా పైకి రావచ్చు.

రెండోది, వరుసలో చోటు మారడం. వందమందిలో నాన్న ఎనభయ్యో వాడు, కొడుకు ముప్పయ్యో వాడు అయ్యాడనుకోండి, అది రెండో రకం. ఇక్కడ ఒకరు ముందుకు రావాలంటే ఇంకొకరు వెనక్కి జరగాల్సిందే. మొదటి రకం ఎదుగుదల బాగా ఉన్న కాలంలో కూడా రెండోది దాదాపు కదలకుండా ఉండిపోవచ్చు. అందరికీ ఇళ్ళు వచ్చాయి, అందరూ స్కూలుకెళ్ళారు, అయినా ఊళ్ళో పెద్ద కుటుంబాలు అవే.

దీన్ని కొలిచేది ఎలా?

ఎక్కువగా వాడే కొలత సున్నా నుంచి ఒకటి మధ్య ఉండే ఒక అంకె. అది 0.4 అయితే, సగటు కన్నా 10 శాతం ఎక్కువ సంపాదించే తండ్రి పిల్లలు సగటు కన్నా సుమారు 4 శాతం ఎక్కువ సంపాదిస్తారని అర్థం. సున్నా అయితే తండ్రి స్థాయికీ పిల్లల స్థాయికీ సంబంధమే లేదు. ఒకటి అయితే ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది.

ఈ అంకెను చాలాకాలం తక్కువగా లెక్కగట్టారు. అమెరికాలో అది 0.2 లేదా ఇంకా తక్కువ అని మొదట్లో అనుకున్నారు. 1992లో గ్యారీ సోలన్ అనే ఆర్థికవేత్త ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. ఒక్క ఏడాది ఆదాయం చూసి మనిషి స్థాయి చెప్పలేం. ఆ ఏడాది ఉద్యోగం పోయి ఉండొచ్చు, జబ్బు చేసి ఉండొచ్చు, ఏదో ఒకసారి పెద్ద మొత్తం చేతికొచ్చి ఉండొచ్చు. కొన్నేళ్ళ ఆదాయాన్ని కలిపి సగటు తీసి చూస్తే ఆ అంకె 0.4కు పైగా తేలింది. ఇప్పటి అంచనాల్లో అమెరికా, బ్రిటన్ 0.5కు దగ్గరగా ఉంటాయి. డెన్మార్క్ 0.15 చుట్టుపక్కల ఉంటుంది.

కలిమైనా లేమైనా మూడు తరాలే అంటారు. నిజమేనా?

కాగితం మీద లెక్క వేస్తే నిజమే అనిపిస్తుంది. 0.4 చొప్పున తీసుకుంటే మనవడికి 0.16 మిగులుతుంది, ముని మనవడికి 0.06. అంటే మూడు తరాలకు దాదాపు అంతా చెరిగిపోవాలి. 1986లో గ్యారీ బెకర్, నైజెల్ టోమ్స్ సరిగ్గా ఈ మాటే అన్నారు. పూర్వీకుల సంపాదనలోని ఎక్కువతక్కువలు మూడు తరాల్లో తుడిచిపెట్టుకుపోతాయని వాళ్ళ నిర్ధారణ.

తర్వాత పాత రికార్డులు చేతికొచ్చాయి. లెక్క కుదరలేదు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ 1427లో మిలాన్‌తో యుద్ధాల వల్ల దివాలా అంచుకు వచ్చి, పన్ను వేయడానికి ప్రతి ఇంటి ఆస్తినీ, ఇంటి పెద్ద చేసే పనినీ రాయించింది. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. బ్యాంక్ ఆఫ్ ఇటలీకి చెందిన గూల్యెల్మో బరోనె, సౌరో మొచెట్టి ఆ పుస్తకాల్లోని ఇంటిపేర్లను 2011 పన్ను వివరాలతో కలిపి చూశారు. ఈనాడు ఫ్లోరెన్స్‌లో ఎక్కువ ఆదాయం ఉన్న ఇంటిపేర్లు ఆరువందల ఏళ్ళ కిందట కూడా పైమెట్టు మీదే ఉన్నాయి. అప్పటి న్యాయవాదులు, ఉన్ని, పట్టు వర్తక సంఘాల సభ్యులు వాళ్ళ పూర్వీకులు. తేడా చాలా సన్నబడింది, దాన్ని ఎక్కువ చేసి చెప్పకూడదు. కానీ మూడు తరాల లెక్క ప్రకారం అది ఎప్పుడో కనబడకుండా పోవాల్సింది.

ఇంటిపేరు చూసి వందల ఏళ్ళ కథ చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. గ్రెగరీ క్లార్క్, నీల్ కమిన్స్ ఇంగ్లండ్‌లో 1170 నుంచి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల్లో చేరినవాళ్ళ పేర్లు సేకరించి, అరుదైన ఇంటిపేర్లు ఏ కాలంలో ఎంతమందికి ఉన్నాయో చూశారు. 1066లో ఇంగ్లండ్‌ను గెలుచుకున్న నార్మన్ ప్రభువుల ఇంటిపేర్లు దాదాపు వెయ్యేళ్ళ తర్వాత కూడా ఆ యూనివర్సిటీల్లో జనాభాలో వాటి వాటా కన్నా ఎక్కువగానే కనబడుతున్నాయి. క్లార్క్ లెక్కలో ఆ కొలత అంకె 0.7 నుంచి 0.9 దాకా ఉంటుంది. 0.75 అనుకున్నా, మూడు తరాలకు 0.4 పైనే మిగిలి ఉంటుంది. సున్నాకు దగ్గర పడటానికి పది తరాలు, అంటే మూడువందల ఏళ్ళు కావాలి.

అదే రికార్డుల్లో ఇంకో కథ కూడా ఉంది, దాన్ని జనం తక్కువగా చెప్పుకుంటారు. కమ్మరి పని నుంచి వచ్చిన స్మిత్ అనే ఇంటిపేరు చూడండి. మధ్యయుగాల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పేరువాళ్ళు చాలా అరుదు. సుమారు 1500 నాటికి జనాభాలో ఎంతమంది స్మిత్‌లున్నారో ఆ నిష్పత్తికి తగ్గట్టే ఆక్స్‌ఫర్డ్‌లోనూ కనబడతారు. అందరికీ స్కూళ్ళు, అందరికీ ఓట్లు, పెద్ద పరిశ్రమలు ఏవీ లేని రోజుల్లో చేతివృత్తుల కుటుంబాలు అంత దూరం ఎక్కాయి. నెమ్మదిగా ఎక్కాయి, కానీ ఎక్కాయి.

క్లార్క్ పద్ధతి మీద గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. ఇంటిపేరు సగటు తీసినప్పుడు ఒక కుటుంబం ప్రభావంతో పాటు ఆ ప్రాంతం, ఆ జాతి, ఆ వర్గం ప్రభావం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్కో మనిషినీ విడిగా వెంబడించిన అధ్యయనాల్లో అంత పెద్ద అంకె రాలేదు. జర్మనీలో సెబాస్టియన్ బ్రౌన్, యాన్ స్టూలర్ చేసిన పనిలో సుమారు 0.6 తేలింది. నాకు ఆ మధ్య దారే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఆ లెక్కన ఐదారు తరాలు పడుతుంది.

ఒక్క కుటుంబాన్ని దగ్గరగా చూపించండి.

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతపు పాస్టన్ కుటుంబాన్ని తీసుకుందాం. వాళ్ళ ఉత్తరాలు పదిహేనో శతాబ్దం నుంచి భద్రంగా మిగిలాయి కాబట్టి మెట్టు మెట్టూ కనబడుతుంది.

మొదటివాడు క్లెమెంట్ పాస్టన్. సొంతంగా నాగలి దున్నుకునే రైతు. వంద, మహా అయితే నూట ఇరవై ఎకరాలు, అందులోనూ చాలావరకు భూస్వామికి కట్టుబడి సాగుచేయాల్సిన నేల. జీను లేని గుర్రం వీపున ధాన్యం వేసుకుని, దాని మీదే తను కూర్చుని మరకు వెళ్ళేవాడు. పిండి కూడా అలాగే తెచ్చుకునేవాడు. ఈ వివరాలు రాసింది ఆ కుటుంబమంటే గిట్టనివాళ్ళు. వాళ్ళ మూలాలు ఎంత చిన్నవో లోకానికి చాటాలని రాశారు. ఆ ద్వేషం పుణ్యాన మనకు ఒక మామూలు రైతు బతుకు ఇంత స్పష్టంగా దక్కింది.

క్లెమెంట్ అప్పు చేసి కొడుకు విలియమ్‌ను బడికి పంపాడు. పై చదువు దగ్గర విలియమ్ మేనమామ చెయ్యి వేశాడు. ఆయన పేరు జెఫ్రీ సోమర్టన్, వృత్తి న్యాయవాదం. విలియమ్ లా చదివి, 1429లో రాజ్యంలోని పెద్ద న్యాయస్థానాల్లో ఒకదానికి జడ్జి అయ్యాడు. భూములు కొన్నాడు, ఆస్తిపరురాలిని పెళ్ళి చేసుకున్నాడు. ఆయన కొడుకు జాన్ కూడా లాయరే. అతని కాలంలో ఆస్తుల మీద గొడవలు, దావాలు, ఇళ్ళ మీద దాడులు నడిచాయి. ఎదిగినదాన్ని నిలబెట్టుకోవడానికి పడ్డ టెన్షన్ ఆ ఉత్తరాల నిండా ఉంటుంది. 1466లో రాజు నాలుగో ఎడ్వర్డ్ చేత, ఈ కుటుంబం నార్మన్ల కాలం నుంచీ పెద్ద వంశమేనని ఒక పత్రం రాయించుకున్నారు. నాగలి దున్నిన తాత చనిపోయి అప్పటికి యాభై ఏళ్ళు కూడా కాలేదు.

1679లో వాళ్ళ వంశస్థుడు రాబర్ట్ యార్మత్‌కు ఎర్ల్ అయ్యాడు, అంటే పెద్ద ప్రభువుల బిరుదు అందుకున్నాడు. 1732లో రెండో ఎర్ల్ అప్పుల్లో మునిగి, వారసుడు లేకుండా చనిపోయాడు. బిరుదు అంతటితో ఆగిపోయింది.

మూడువందల ఏళ్ళు, ఎక్కడం దిగడం రెండూ. ఈ కథలో నా దృష్టి ప్రతిసారీ ఆగేది ఆ మేనమామ దగ్గర. తండ్రి వైపు వంశవృక్షం గీస్తే ఆయన అందులో ఎక్కడా ఉండడు.

అంటే మేనమామలు, పెదనాన్నలు కూడా లెక్కలోకి వస్తారా?

రావాలి. ఈ పాఠం చైనా పరీక్షల చరిత్రలో మరీ బాగా కనబడుతుంది. చైనాలో ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టి మనుషుల్ని ఎంచుకునే పద్ధతి వెయ్యేళ్ళకు పైగా నడిచి 1905లో రద్దయింది. మింగ్, చింగ్ రాజవంశాల కాలంలో అత్యున్నత డిగ్రీ సాధించినవాళ్ళ కుటుంబ వివరాలను హొ పింగ్-తి అనే చరిత్రకారుడు 1962లో ప్రచురించాడు. సుమారు 30 శాతం మందికి, వెనక మూడు తరాల్లో ఒక్క డిగ్రీ కూడా లేదు. అంటే దార్లు బాగా తెరిచి ఉన్నట్టే అనిపిస్తుంది.

రాబర్ట్ హార్ట్‌వెల్, రాబర్ట్ హైమ్స్ లాంటివాళ్ళు చైనా ఉద్యోగస్వామ్యాన్ని చదివి, ఆ పద్ధతిలో లోపం ఎత్తిచూపారు. అది చూసేది తండ్రి, తాత, ముత్తాతలను మాత్రమే. పెదనాన్న అధికారి కావచ్చు, మేనమామ పండితుడు కావచ్చు, మామగారు ఊరికి పెద్ద కావచ్చు. పరీక్షకు ఇరవై ముప్పై ఏళ్ళు చదవాలంటే పుస్తకాలు, గురువు, ఆ కాలమంతా తిండి ఎవరో ఒకరు పెట్టాలిగా. బంధువులందర్నీ కలిపి చూస్తే "ఎవరూ లేని" కుటుంబాల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

ఈ మధ్య స్వీడన్‌లో అడ్రియన్ ఆడెర్మోన్, మికాయెల్ లిందాల్, మోర్టెన్ పాల్మె దేశవ్యాప్త రికార్డులతో ఇదే పని చేశారు. అమ్మానాన్నల చదువుతో పాటు వాళ్ళ తోబుట్టువులను, ఆ తోబుట్టువుల భర్తల్ని భార్యల్ని, కజిన్లను కూడా కలిపి చూస్తే, తరాల మధ్య బంధం అమ్మానాన్నలను మాత్రమే చూసిన లెక్క కన్నా చాలా గట్టిగా తేలింది. అమ్మానాన్నలనే చూస్తే కనీసం మూడో వంతు తక్కువ అంచనా వేస్తామని వాళ్ళ మాట.

ఆస్తి మొత్తం పోతే కుటుంబం కూలిపోతుందా?

ఆ తరం కూలిపోతుంది. తర్వాతి తరాలు చాలాసార్లు లేచి నిలబడతాయి. వినడానికి ఇబ్బందిగా ఉండే ఉదాహరణలే దీనికి బలమైన సాక్ష్యాలు.

అమెరికా దక్షిణాదిలో అంతర్యుద్ధం 1865లో ముగిసి, బానిసత్వం రద్దయింది. మనుషుల్ని ఆస్తిగా రాసుకున్న కుటుంబాలు ఆ "ఆస్తి"ని పోగొట్టుకున్నాయి. పోవాల్సిందే పోయింది. ఫిలిప్ ఏగర్, లియా బూస్టన్, క్యాథరీన్ ఎరిక్సన్ ఆ కుటుంబాల కొడుకుల్ని జనాభా లెక్కల్లో వెతికి పట్టుకున్నారు. 1900 నాటికి కొడుకులు దాదాపు పూర్తిగా కోలుకున్నారు, 1940 నాటికి మనవళ్ళకు ఏ లోటూ మిగల్లేదు. పరిచయాలు, మంచి సంబంధాలు, ఎవరి తలుపు తట్టాలో తెలియడం, ఇవేవీ రద్దు కాలేదు.

అవతలి వైపు చూడండి. లూకస్ ఆల్టాఫ్, హ్యూగో రైషార్ట్ చేసిన పనిలో, అంతర్యుద్ధం దాకా బానిసత్వంలో ఉన్న నల్లజాతి కుటుంబాల వారసులకు, అంతకుముందే స్వేచ్ఛ దొరికిన నల్లజాతి కుటుంబాల వారసుల కన్నా ఈనాటికీ చదువు, ఆదాయం, ఆస్తి తక్కువ. కారణం చాలావరకు, విడుదలైన తర్వాత వాళ్ళు ఏ రాష్ట్రంలో చిక్కుకున్నారన్నదే. వర్ణవివక్ష చట్టాలు ఎక్కువ కఠినంగా ఉన్నచోట తరాలు అక్కడే ఆగిపోయాయి.

చైనాలో భూసంస్కరణలు, ఆ తర్వాత 1966 నుంచి 1976 దాకా సాంస్కృతిక విప్లవం పాత జమీందార్ల భూమిని లాక్కుని, వాళ్ళ పిల్లలకు చదువు కూడా అందకుండా చేశాయి. మధ్య తరం నిజంగానే మామూలు జనంతో సమమైపోయింది. మనవళ్ళు మాత్రం ఇతరుల కన్నా సుమారు 16 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని అల్బెర్టో అలెసీనా బృందం 2020లో చూపించింది. చదువు మీద, కష్టం మీద తాతలకున్న పట్టుదల, బంధువుల మధ్య తెగని సంబంధాలు ఇందుకు కారణాలని వాళ్ళ వివరణ.

మరి అనుకోకుండా డబ్బొస్తే?

1832లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, చెరోకీ అనే ఆదివాసీ ప్రజల నుంచి గుంజుకున్న నేలను లాటరీ తీసి తెల్లజాతి పౌరులకు పంచింది. చెరోకీలను 1838లో ఆ నేల నుంచి బలవంతంగా వెళ్ళగొట్టారు, దారిలో వేలమంది చనిపోయారు. ఆ అన్యాయాన్ని పక్కన పెట్టి ఈ లాటరీ గురించి మాట్లాడకూడదు. పరిశోధకులకు మాత్రం అందులో అరుదైన అవకాశం కనబడింది. అర్హులైన మగవాళ్ళలో దాదాపు అందరూ పేరిచ్చారు, సుమారు ఐదుగురిలో ఒకరికి 160 ఎకరాల చెక్క తగిలింది. గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ మధ్య తేడా అదృష్టం ఒక్కటే.

హొయ్ట్ బ్లేక్లీ, జోసెఫ్ ఫెర్రీ ఆ కుటుంబాలను వెంబడించారు. గెలిచినవాళ్ళు కాస్త ఎక్కువమంది పిల్లల్ని కన్నారు, కానీ వాళ్ళను బడికి ఎక్కువగా పంపలేదు. కొడుకులు పెద్దయ్యాక ఓడినవాళ్ళ కొడుకుల కన్నా ఏమీ మెరుగ్గా లేరు. మనవళ్ళ చదువూ అంతే.

దీన్నిబట్టి పేదవాళ్ళకు డబ్బిచ్చి లాభం లేదనే మాట కొందరు లాగుతారు. అది సరైన అర్థం కాదు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల పిల్లల్ని పంపడానికి మంచి స్కూళ్ళే పెద్దగా లేవు. చేతిలో డబ్బుంటే సరిపోదు, దాన్ని పిల్లల చదువుగా మార్చుకునే దారి కూడా కళ్ళ ముందు ఉండాలి. ఆ దారి కుటుంబం వెయ్యలేదు, ఊరో ప్రభుత్వమో వెయ్యాలి.

ఇదంతా రక్తంలోనే ఉందంటారా?

కొందరు అంటారు. క్లార్క్ కూడా ఈ మధ్య అటువైపు మొగ్గాడు. ఆ వాదన మీద గట్టి వివాదం నడుస్తోంది.

సాక్ష్యం కావాలంటే దత్తత వెళ్ళిన పిల్లల్ని చూడాలి, ఎందుకంటే వాళ్ళకు జన్మనిచ్చినవాళ్ళు వేరు, పెంచినవాళ్ళు వేరు. స్వీడన్‌లో ఆండెర్స్ బ్యోర్క్‌లుండ్, మికాయెల్ లిందాల్, ఎరిక్ ప్లుగ్ ఇద్దరి వివరాలూ కలిపి 2006లో చూస్తే, ఇద్దరి ప్రభావమూ కనబడింది. నా మాట ఏమిటంటే, చూపు తగ్గడం కూడా చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదే, అయినా కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరాలు కనబడతాయి. పైగా ఒకే రకం మనుషులు డెన్మార్క్‌లో ఒక వేగంతో, అమెరికాలో ఇంకో వేగంతో మెట్లెక్కుతున్నారంటే, ఆ తేడాను రక్తంతో వివరించలేం.

ఈ కథల్లో ఆడవాళ్ళు ఎక్కడ?

రికార్డుల్లో లేరు, అంతే. పెళ్ళితో ఇంటిపేరు మారేచోట్ల కూతుళ్ళు లెక్క నుంచి జారిపోతారు. జనాభా లెక్కల్లో భార్య వృత్తి గడి చాలాసార్లు ఖాళీ. అందుకే పాత అధ్యయనాల్లో అత్యధికం తండ్రీకొడుకుల మీదే. క్లాడియా ఒలివెట్టి, డానియెల్ పాసెర్‌మన్ ఒక తెలివైన దారి కనిపెట్టారు. తల్లిదండ్రులు పిల్లలకు పెట్టే పేర్లలోనే ఆ ఇంటి స్థాయి జాడ ఉంటుంది, పైగా పెళ్ళయినా ఆ పేరు మారదు. ఆ పేర్ల ఆధారంగా 1850 నుంచి 1940 దాకా అమెరికాలో మామా అల్లుళ్ళ స్థాయిల మధ్య సంబంధాన్ని లెక్కగట్టగలిగారు.

పెళ్ళి సంగతి చిన్నది కాదు. చదువుకున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళనే, ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళనే చేసుకుంటున్నంతకాలం రెండు వైపుల బలమూ ఒకే ఇంట్లో పోగవుతుంది. స్థాయి ఇన్ని తరాలు నిలబడటానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి.

పూర్వం కన్నా ఇప్పుడు పైకి రావడం తేలికా?

ఒక్క జవాబు లేదు. 1348లో ఇంగ్లండ్‌ను ప్లేగు ముంచెత్తి, జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా చనిపోయారు. పనివాళ్ళు కరువై కూలి పెరిగింది. పాత కూలికే పనిచేయాలంటూ 1351లో పార్లమెంటు చట్టం చేసినా ఆగలేదు. చాలా కుటుంబాలు భూస్వామి కట్టుబాటు నుంచి బయటపడి సొంత సాగుదారులయ్యాయి. క్లెమెంట్ పాస్టన్ ఆ తరంవాడే.

పంతొమ్మిదో శతాబ్దంలో వృత్తి మార్చుకుని పైకి రావడం బ్రిటన్‌లో కన్నా అమెరికాలో తేలికగా ఉండేదని జేసన్ లాంగ్, జోసెఫ్ ఫెర్రీ చూపించారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఆ తేడా పోయింది. రాజ్ చెట్టీ బృందం లెక్క ప్రకారం, అమెరికాలో 1940లో పుట్టినవాళ్ళలో సుమారు 90 శాతం మంది తల్లిదండ్రుల కన్నా ఎక్కువ సంపాదించారు. 1980లలో పుట్టినవాళ్ళలో సగం మందే. దేశం ఎదగడం మందగించడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఎదిగినదంతా పైనున్న కొద్దిమందికే చేరడం.

2018లో ఓఈసీడీ, అంటే ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ, ఒక అంచనా వేసింది. అట్టడుగు పదో వంతులో ఉన్న కుటుంబం సగటు ఆదాయానికి చేరడానికి డెన్మార్క్‌లో రెండు తరాలు, కొలంబియాలో పదకొండు తరాలు పడుతుంది. అసమానత ఎక్కువున్న దేశాల్లో తరాల కదలిక తక్కువ ఉండటం చాలా దేశాల లెక్కల్లో కనబడుతుంది. మెట్ల మధ్య దూరం పెరిగితే ఎక్కడం కష్టం, ఇందులో ఆశ్చర్యం లేదు.

దిగిపోయిన కుటుంబాల గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు, మిగిలినా చెప్పుకోరు. "తాతలు నేతులు తాగారు" అన్న వెక్కిరింతకు భయపడి కొందరు నోరు మూసుకుంటారు. వీలునామా లేకపోతే భూమంతా పెద్ద కొడుక్కే దక్కే పద్ధతి ఇంగ్లండ్ చట్టంలో 1925 దాకా ఉంది. చిన్న కొడుకులు సైన్యానికో, చర్చికో, వ్యాపారానికో పోయేవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇంకో మెట్టు దిగేవాళ్ళు. మనం చదివే కుటుంబ చరిత్రలన్నీ ఆస్తి నిలుపుకున్న పెద్దకొమ్మవే. పక్కకొమ్మల్ని కూడా రాస్తే ఏ గొప్ప వంశంలోనైనా కూలీలు, గుమాస్తాలు కనబడతారు.

ప్రభుత్వాలు చేసిన వాటిలో నిజంగా పనికొచ్చినవి ఏవి?

ఫిన్లాండ్‌లో పిల్లల్ని పదకొండో ఏడు వచ్చేసరికే పై చదువు బడులకు కొందరిని, మామూలు బడులకు మిగతావాళ్ళను విడగొట్టేవాళ్ళు. 1972 నుంచి 1977 మధ్య ప్రాంతాలవారీగా ఆ పద్ధతి తీసేసి, పదహారేళ్ళ దాకా అందర్నీ ఒకే బడిలో చదివించారు. తండ్రీకొడుకుల ఆదాయ బంధం 0.30 నుంచి 0.23కు తగ్గింది. ఒక్క నిర్ణయానికి ఇంత ఫలితం రావడం చాలా అరుదు.

అమెరికా దక్షిణాదిలో బానిసగా పుట్టిన విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి మొదలుపెట్టిన పథకంలో 1930ల మొదటికి దాదాపు 5,000 గ్రామీణ స్కూళ్ళు లేచాయి. నల్లజాతి కుటుంబాలు తమ కొద్దిపాటి సంపాదనలోంచి చందాలిచ్చి, చెక్కలు మోసి కట్టుకున్న బడులవి. నల్ల, తెల్ల పిల్లల చదువు మధ్య తేడా ఆ ప్రాంతాల్లో గట్టిగా తగ్గింది.

1994 నుంచి 1998 దాకా ఐదు అమెరికన్ నగరాల్లో, పేదవాడల్లోని కుటుంబాలకు లాటరీ పద్ధతిలో మెరుగైన ప్రాంతాలకు మారే సాయం ఇచ్చారు. పదమూడేళ్ళ లోపు వయసులో మారిన పిల్లలు ఇరవైల మధ్యకొచ్చేసరికి, మారని పిల్లల కన్నా 31 శాతం ఎక్కువ సంపాదించారు. టీనేజ్‌లో మారినవాళ్ళకు ఆ లాభం రాలేదు. ఇలాంటి సాయం చిన్న వయసులోనే అందాలి.

కష్టపడితే ఎవరైనా పైకొస్తారు కదా, రాలేదంటే తప్పు వాళ్ళదే కదా?

కాదు. ఈ మాట నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. పైన చూసిన అంకెలన్నీ సగటులే, వాటిని దాటి ఎక్కినవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉన్నారు, వాళ్ళ కష్టం నిజమైనదే. కానీ క్లెమెంట్ పాస్టన్‌లా గుర్రం మీద మరకు వెళ్ళిన రైతులు నార్ఫోక్‌లో వేలమంది ఉండి ఉంటారు. వాళ్ళు తక్కువ కష్టపడ్డారని ఎవరనగలరు? వాళ్ళలో చాలామందికి లాయరైన బావమరిది లేడు. ఎక్కినవాళ్ళ కథల్నే ఏరుకుని, మిగతావాళ్ళకు పాఠంగా చెప్పడం చూస్తే నాకు బాధేస్తుంది.

మా కుటుంబం ఎక్కిందో దిగిందో తెలుసుకోవాలంటే?

పెద్దవాళ్ళు బతికి ఉండగానే అడగండి. ఒక్కో మనిషికి పుట్టిన ఏడు, చదువు, చేసిన పని, నేల ఉందా లేదా, ఎక్కడి నుంచి ఎక్కడికి మారారు, అప్పులు, ఈ ఆరు రాసుకుంటే చాలు. తల్లి వైపును కూడా అంతే శ్రద్ధగా రాయండి. పెద్దమ్మలు, అత్తలు, చిన్నాన్నలు, వాళ్ళ పిల్లలు, అందరూ రావాలి. ఊరు వదిలి మళ్ళీ ఎవరికీ కనబడనివాళ్ళ పేర్లు కూడా.

పదవి పేరు చూసి స్థాయి అంచనా వేసేటప్పుడు జాగ్రత్త. వందేళ్ళ కిందట చదవడం రాయడం వచ్చిన గుమాస్తా ఊళ్ళో పెద్దమనిషి, ఇవాళ అదే ఉద్యోగం వరుసలో ఎక్కడో కింద ఉంటుంది. ఆ కాలంలో వందమందిలో ఆయన ఎన్నోవాడు అని అడగాలి.

చివరగా ప్రతి తరంలోనూ ఒక ప్రశ్న వేయండి. ఈ మనిషి చదువుకు డబ్బు ఎవరిచ్చారు? మొదటి ఉద్యోగం ఎవరు చూపించారు? జవాబు చాలాసార్లు వంశవృక్షంలో లేని మనిషి పేరు అవుతుంది. ఆ పేరు కూడా పక్కనే రాసి పెట్టుకోండి.